నలభై తరుగు

పోయిన నెల నాకు కూడా సుగర్ ఉందని తేలింది. ఇందులో వింతేమీ లేదు. మా వంశంలో పెళ్ళి కానివాళ్ళయినా దొరుకుతారు గానీ సుగర్ రానివాళ్ళు దొరకరు. డాక్టరమ్మ ఇంట్లో చూసుకునే మిషన్ ఒకటి కొనుక్కోమంటే కావలి బస్టాండు దగ్గర మందుల షాపుకు పోయినాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి పెట్టె విప్పి, సూది ఇదీ, స్ట్రిప్పు ఇదీ, రక్తం ఇక్కడ ఆనించాలీ అని ఓపిగ్గా చూపించింది. అంతా అయినాక, చీరకు ఫాల్ వేయించుకోండక్కా అన్నంత తేలిగ్గా ఒక మాటన్నది. "పది పదిహేను అటూ ఇటూ చూపిస్తుందక్కా, అదేం పట్టించుకోవద్దు." "అటా, ఇటా? ఏదో ఒకటి చెప్పమ్మా" అని కసిరినాను. ఆ పిల్ల బిత్తరపోయి నా మొహం చూసింది. నా వెనక దగ్గుమందు కోసం నిలబడిన పెద్దాయన కొంచెం పక్కకు జరిగినాడు. పాపం, ఆ పిల్ల తప్పేముంది, ఆమె చెప్పింది నిజమే కూడా. కానీ ఆ మాట వింటే నాకు మా మామ గుర్తొస్తాడు, మామ గుర్తొస్తే అత్త కాలు గుర్తొస్తుంది, ఇంక ఆ పూట నేను మనిషిని కాను. తిరిగొచ్చి నా కుట్టుషాపులో కూర్చొని ఎవరిదో జాకెట్టుకు ఎడమ చెయ్యి కుడివైపుకు, కుడి చెయ్యి ఎడమవైపుకు అతికి, మళ్ళీ అంతా ఊడదీసుకున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నవాడు. ఆ ఇల్లు జువ్వలదిన్నె దగ్గర, సముద్రం ఒడ్డున మా పాళెంలో ఉండేది. వరండాలో కూర్చుంటే అలల చప్పుడు, ఇంట్లోకి పోతే చేపల వాసన, పెరట్లోకి పోతే రెండూ. మామది చేపల వ్యాపారం. బోట్లు ఒడ్డుకు రాగానే సరుకు వేలంపాట పెట్టి, తూచి, ఐసు పెట్టెల్లో సర్ది నెల్లూరికీ మద్రాసుకూ పంపడం ఆయన పని. ఆయన కాటా అంటే ఒడ్డంతా గౌరవం. రోజూ తెల్లారి మొదటి తట్ట ఎక్కకముందే, సర్కారు ముద్ర ఉన్న పది కిలోల రాయి దాని మీద పెట్టి, ముల్లు సరిగ్గా పది మీద నిలబడిందా లేదా నలుగురికీ చూపించి గానీ తూకం మొదలుపెట్టేవాడు కాదు. "నా కాటాకు నేనే భయపడాల, అప్పుడే ఊరు భయపడుద్ది" అనేవాడు. ఈ మాట చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యి తప్పకుండా వేసుకునేవాడు.

ఆ వ్యాపారంలో తరుగు అని ఒకటి ఉంటుంది. తట్టలో చేప ఒక్కటే ఉండదు గదా, నీళ్ళుంటాయి, ఐసు ముక్కలుంటాయి, అడుగున ఇసకుంటుంది. అందుకని వచ్చిన తూకంలో కొంత కొట్టేసి, మిగిలిందే చేప అంటారు. ఎంత కొట్టెయ్యాలన్నది ఎక్కడా రాసిపెట్టి లేదు. మామ తట్టలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, కళ్ళు సగం మూసుకొని, "మూడు" అంటే మూడు, "నాలుగు" అంటే నాలుగు. వలవేసినోడు గొణుక్కున్నా కొనేవాడు గొణుక్కున్నా ఆ మాటకు తిరుగు లేదు. రానురాను ఈ జబ్బు ఆయనకు చేపల్ని దాటి అన్నింటికీ పాకింది. రేడియోలో వానొస్తుందంటే సగం తరుగు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పిల్లవాడి ఎత్తు చెబితే రెండంగుళాలు తరుగు. పదో తరగతిలో నాకొచ్చిన మార్కులు చూసి, "ఇందులో పక్కదాన్ని చూసి రాసింది ఎంత కొట్టెయ్యమంటావు అమ్మణ్ణీ?" అన్నాడు. వంటింట్లోంచి అత్త గరిటె పట్టుకొని బయటికొచ్చింది. ఆయన వెంటనే పూర్తి మార్కులు ఒప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన తరుగు తీయకుండా ఒప్పుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

అత్త పొడగరి, గట్టి మనిషి. నెత్తళ్ళనే చిన్న చేపల్ని ఎండబెట్టే పని ఆమెది. ఇంటి నుంచి ఆ ఎండబెట్టే దిబ్బ దాకా ఒడ్డెంబడి దూరం ఎక్కువే. రోజూ పొద్దున్నే చెప్పుల్లేకుండా, కొంగు నడుముకు దోపి, నేల తనను తన్ని తరుముతున్నట్టు నడిచేది. నేను చిన్నప్పుడు ఆమె వెంట పరిగెత్తేదాన్ని, ఆమె నడిచేది, అయినా నేనే వెనకబడేదాన్ని. మామ ఎన్నోసార్లు ఆటోలో పొమ్మన్నాడు, పనికి మనిషిని పెడతానన్నాడు. అత్త వినలేదు. ఆ ఇంట్లో ఏ కూర వండాలన్నా, ఏ పెళ్ళికి పోవాలన్నా మామ మాటే. ఆయన మాట అవసరం లేకుండా ఆమె చేసే పని ఆ నడక ఒక్కటే. ఒకసారి నాతోనే అన్నది, "అంగలేస్తా పోతా ఉంటే మీ మామ మాటలన్నీ ఒకటొకటే రాలిపోతాయి మే. దిబ్బకాడికి పొయ్యేతలికి బుర్ర ఖాళీ అయిపోద్ది." చెప్పి పకపకా నవ్వింది. ఆ నడకకే ఏం జరిగిందో చెప్పాలని ఇదంతా.

నాకు పెళ్ళయి కావలి వచ్చేసి, షాపు పెట్టుకొని చాలా ఏళ్ళయినాక అత్తకు సుగర్ వచ్చింది. నెల్లూరు డాక్టరు మాత్రలు రాసినాడు, రాత్రి పూట ఒక ఇన్సులిన్ సూది రాసినాడు. ఒక మిషన్ కొనుక్కోమన్నాడు. "రోజూ పరగడుపున చూడండి. వారానికోసారి ఫోన్ చేసి నంబర్లు చెప్పండి. నూట యాభై దాటుతుంటే సూదిమందు పెంచుకుందాం" అన్నాడు. మంచి డాక్టరే. ఆయన చెప్పిన పద్ధతీ మంచిదే. నంబరు ఉన్నదున్నట్టు ఆయన చెవిలో పడి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

మిషన్ ఇంటికి రాగానే మామకు కొత్త కాటా దొరికినట్టయింది. ఆ రోజు పాళెంలో వేలు గుచ్చించుకోనివాళ్ళు లేరు. అత్తను చూడ్డానికి కావలి నుంచి పోయిన నా వేలు గుచ్చినాడు, పక్కింటి వల కుట్టే తాతది గుచ్చినాడు, ఐసు లోడు తెచ్చిన డ్రైవరును కూడా వదల్లేదు. సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అత్త వేలి నుంచే వెంట వెంటనే రెండుసార్లు చూస్తే రెండు నంబర్లు వచ్చినాయి. మామ మిషన్ను అరచేతిలో పెట్టుకొని దాన్ని మనిషిని చూసినట్టు చూసినాడు. "ఒకే తట్ట, ఒకే కాటా, రెండు తూకాలా? ఇది మోసం కాటా" అన్నాడు. అప్పుడే ఆయనకు ఆలోచన వచ్చింది. తన కాటాను రాయి పెట్టి సరిచూసుకున్నట్టు దీన్ని కూడా దేనితోనన్నా సరిచూడాలి. నెల్లూరు ల్యాబులో పెద్ద మిషన్ ఉంది, దాని పక్కన దీన్ని పెట్టి తేడా ఎంతో పట్టుకోవాలి. చెప్పొద్దూ, బంగారం లాంటి ఆలోచన. మిషన్ చెప్పిందల్లా కళ్ళకద్దుకునే చదువుకున్నవాళ్ళకు కూడా రాని ఆలోచన. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా ఆ ఒక్కటీ కాదనలేను.

ఆ రోజు నేనూ వెంట పోయినాను. ల్యాబులో అత్త చేతి నరం నుంచి రక్తం తీసుకున్నారు. పరగడుపున వచ్చిన మనిషి, కాళ్ళు తేలిపోతున్నాయని సంచీలోంచి బత్తాయి తీసి, బెంచీ మీద కూర్చొని వొలవడం మొదలుపెట్టింది. తొక్క తీసి తొన వేరు చేసి నోట్లో పెట్టుకోబోతుంటే మామ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. తినొద్దు. రెండు తూకాలూ ఒకే టయానికి ఉండాల" అన్నాడు. ఇదీ సరైన మాటే చూడండి. తిన్నాక చూస్తే నంబరు పెరుగుతుందని ఆయనకు తెలుసు. అందుకే తిననివ్వలేదు. అత్త వేలిని తన కండువా కొసతో ఒకసారి అట్టా తుడిచి, గుచ్చి, బొట్టు ఆనించినాడు. నూట తొంభై. గంట తర్వాత ల్యాబువాళ్ళు చేతికిచ్చిన కాగితంలో నూట యాభై. మామ ఆ కాగితం పట్టుకొని ల్యాబు గుమ్మంలో నిలబడి, ఒడ్డున తట్ట ముందు నిలబడినట్టే కళ్ళు సగం మూసి, "నలభై తరుగు" అన్నాడు. అయిపోయింది. ఆ నలభై మిషన్ చూపించిన ఎక్కువ కాదు. అత్త వేళ్ళకు అంటిన బత్తాయి రసం. వేలి కొసన కంటికి కనపడనంత తీపి ఉన్నా రక్తం బొట్టులో కలిసి నంబరు ఎగబాకుతుందట. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పూట ఆటోలో వచ్చేటప్పుడు కూడా ఆమె చేతుల నుంచి బత్తాయి వాసన వస్తానే ఉంది. ఎంత బాగుందో అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నలభై తరుగు చట్టమైపోయింది. పొద్దున్నే మామ అత్త వేలు గుచ్చడం, నంబరు చూడడం, నలభై కొట్టేసి మిగిలింది పైకి చెప్పడం. మిషన్ నూట ఎనభై అంటే ఇంట్లో అందరికీ తెలిసేది నూట నలభై. వారానికోసారి డాక్టరుకు ఫోన్లో చెప్పేది కూడా అదే. వల కుట్టే తాతకు ఒకసారి నూట ముప్పై వస్తే, "తొంభై. పొయ్యి బెల్లం టీ తాగు పో" అని పంపించినాడు. ఆయన నిజంగానే పోయి తాగినాడు. ఒకసారి నేనుండబట్టలేక అడిగినాను, "తరుగు తీసి చెబుతున్నానని డాక్టరుకైనా చెప్పినావా మామా?" అని. మామ నన్ను జాలిగా చూసినాడు. "ఐసు బరువు చెప్పి చేప అమ్ముతామా అమ్మణ్ణీ? కొనేవాడికి చేప బరువు చాలు" అన్నాడు. అక్కడికి ఆయన డాక్టరుకు సాయం చేస్తున్నట్టు.

నలభైతో ఆగినా కొంత నయంగా ఉండేదేమో. ఒడ్డున తట్ట పెద్దదయితే తరుగు కూడా పెద్దది, అది వాళ్ళ రివాజు. నంబరు పెరిగేకొద్దీ మామ కొట్టేసేదీ పెరిగింది. రెండు వందలు దాటితే అరవై. ముందు రోజు ఇంట్లో చుట్టాలుంటే ఇంకో పది. అత్తకు నిద్ర పట్టలేదంటే ఇంకో పది. ఎట్టా తిప్పి ఎట్టా కొట్టినా చివరికి మిగిలేది నూట యాభైకి కాస్త ఇవతలే. అది ఆయన కావాలని చేసినాడని నేననను. చెయ్యి పోనిచ్చి బరువు చెప్పే మనిషికి, చేతికి ముందే తెలిసిన బరువే తగులుతుంది. డాక్టరు ఫోన్లో, "వెరీ గుడ్, ఇదే డోసు కంటిన్యూ చేయండి" అనేవాడు. మామ స్పీకరు పెట్టి మరీ మాకు వినిపించేవాడు. ఇంతలో మొదటి మిషన్ ఐసునీళ్ళలో పడి చచ్చింది. నెల్లూరు నుంచి వేరే రకం మిషన్ వచ్చింది. దాని పెట్టెలో ఒక చిన్న సీసా కూడా ఉంటే, మామ అది కంటి మందనుకొని అలమరలో పెట్టినాడు. కాటా మారింది గదా, మళ్ళీ ల్యాబుకు పోయి సరిచూద్దామని ఆయనకు తోచలేదు. పాత మిషన్ తరుగు కొత్త మిషన్‌కు వారసత్వంగా వచ్చేసింది.

అత్త మాత్రం చెబుతానే ఉంది. నోరు పిడచగట్టుకపోతుందనింది. బిందె పక్కనే కూర్చున్నట్టు నీళ్ళు తాగేది, రాత్రిళ్ళు లేచి లేచి అలిసిపోయేది. జాకెట్లు వదులైపోయినాయని నాకు పంపితే నేను కుట్లు లోపలికి వేసి పంపినాను. వేసినాక మళ్ళీ వదులైనాయి. పాదాల్లో చీమలు పాకుతున్నట్టుందనింది, తర్వాత చీమలు కూడా లేవనింది. "నాకు బాగలేదయ్యా" అని ఆమె అన్నప్పుడల్లా మామ నంబరు చెప్పేవాడు. "నూట నలభై రెండు. డాక్టరే బాగుండాదంటే నీకేంది?" అనేవాడు. కొన్నాళ్ళకు ఇంట్లో అందరూ అదే మాట పట్టుకున్నారు. ఆమెకు వయసుతో చాదస్తం వచ్చిందని ఆమె కొడుకులకు చేసుకున్న కోడళ్ళు నవ్వుకున్నారు. ఒళ్ళు ఆమెది, దాహం ఆమెది, ఎట్టుందో చెప్పేది మాత్రం మామ. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ వానాకాలం ఒకరోజు అత్త దిబ్బ నుంచి నడిచొచ్చి వంటింట్లోకి పోతే, గచ్చు మీద ఎర్రటి అడుగులు పడినాయి. కోడలు చూసి అరిచిందాకా ఆమెకు తెలియలేదు. మడమలో జెల్ల చేప ముల్లు దిగి విరిగి ఉంది. జెల్లముల్లు గుచ్చుకుంటే మగవాళ్ళు కూడా ఏడుస్తారు. ఆమెకు నొప్పి లేదు. దాన్ని చూసి భయపడాల్సింది పోయి, "నీ గట్టితనం పాడుగాను" అని అందరూ మెచ్చుకున్నారు. ఊళ్ళో సూదులేసే ఆయన కట్టు కట్టినాడు. కట్టు మార్చినప్పుడల్లా పుండు కొంచెం పెద్దదవుతా వచ్చింది. పైన పొర కట్టేది, మానిందనుకునేవాళ్ళం, నొక్కితే లోపల నుంచి రసి కారేది. "సుగర్ కంట్రోల్లో ఉండాది. పుండు మానక యాడికి పోద్ది" అన్నాడు మామ. సుగర్ అదుపులో ఉంటే పుండు మానుతుంది, అది నిజమే. ఆ నమ్మకం మీదే నెలలు గడిచిపోయినాయి. అత్త దిబ్బకు పోవడం మానేసింది. నేను పోయినప్పుడు మంచం మీద కూర్చొని, కట్టు కట్టిన పాదాన్ని వేరేవాళ్ళ పాదాన్ని చూసినట్టు చూసుకుంటా ఉంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి నా చెయ్యి పట్టుకొని, "మే, ఒక్కసారి ఆ తరుగు తీయకుండా నా నంబరెంతో చెప్పించవే" అన్నది. ఆమె నన్ను జీవితంలో ఏదైనా అడిగిందంటే అదొక్కటే.

మరుసటి రోజు మామ రేవుకు పోయినాక ఆమెను, ఆ మిషన్ను, అలమరలో ఉన్న కంటి మందును కూడా తీసుకొని నెల్లూరులో వేరే పెద్దాసుపత్రికి పోయినాను. కంటి మందు ఎందుకు తీసుకున్నానంటే, మిషన్ పెట్టె ఎత్తితే దాంతోపాటు వచ్చింది, అంతే. అక్కడ ల్యాబులో ఒక నడివయసు ఆమె ఉంది. మేము చెప్పిందంతా విని, అత్తను సబ్బుతో చేతులు కడుక్కోమని, పొడిగుడ్డతో బాగా తుడుచుకోమన్నది. మా మిషన్‌లో వేలి రక్తం పెట్టింది, అదే నిమిషంలో నరం నుంచి తీసి పెద్ద మిషన్‌కు పంపింది. మాది రెండు వందల డెబ్బై ఎనిమిది చూపింది. పెద్ద మిషన్‌ది రెండు వందల డెబ్బై. "మీ మిషన్‌కేం, నిక్షేపంలా ఉంది. ఈ మాత్రం తేడా ఉండొచ్చని కంపెనీవాళ్ళకు ఒక హద్దు పెట్టి ఉంటారు, ఇది దాని లోపలే ఉంది" అన్నది. ఆ సీసా చేతిలోకి తీసుకొని, మూత కూడా తీయలేదే అన్నట్టు చూసింది. అందులో ఉన్నది ఇంత అని ముందే లెక్క తెలిసిన చక్కెరనీళ్ళట. స్ట్రిప్పు మీద ఒక చుక్క వేసి, డబ్బా మీద రాసిన నంబర్ల మధ్యలో చూపిస్తే మిషన్ మంచిదని అర్థమట. రోజూ రాయి పెట్టి కాటా చూసుకునే మనిషి ఇంట్లో ఆ రాయి అలమరలోనే ఉంది. మూడు నెలల సరాసరి చెప్పే రక్తపరీక్ష ఒకటి కూడా చేసినారు. అది వచ్చినాక ఎవరూ మాతో నవ్వుతూ మాట్లాడలేదు. మొదటిసారి సరిచూసినప్పుడు చేతులు కడుక్కున్నారా అని ల్యాబు ఆమె అడిగితే, అత్త తన వేళ్ళు చూసుకొని, "బత్తాయి వొలస్తా ఉన్నానమ్మా" అన్నది. చెప్పి నా వైపు తిరిగి, "అయితే నాకు బాగలేదని నేను చెప్పింది నిజమే గదా మే" అన్నది. గెలిచినట్టు కాదు, నిలదీసినట్టూ కాదు. ఇన్నాళ్ళూ తన మీద తనకే అనుమానం వచ్చిన మనిషి మాదిరి అడిగింది.

పుండు ఎముక దాకా పోయింది. మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతుందన్నారు. మామ ఆసుపత్రికి వచ్చి పాత డాక్టరుకు ఫోన్ చేసినాడు. అత్త మంచం పక్కనే నిలబడి, స్పీకరు పెట్టే అలవాటు పోక, అందరికీ వినపడేట్టు పోట్లాడినాడు. "ఇన్నాళ్ళూ వెరీ గుడ్డన్నది మీరే గదా సార్." అటు నుంచి డాక్టరు, "మీరు చెప్పిన నంబరుకే కదండీ నేనన్నది." ఇద్దరిదీ ఒకటే గోల, తప్పు నా వైపు తూగకూడదని. కాలు పొయ్యే మనిషి ఇద్దరి మధ్యా పడుకొని పైన ఫ్యాను చూస్తా ఉంది. ఫోన్ పెట్టేసినాక మామ, "ఈ ల్యాబుకు కూడా ఎంతో కొంత తరుగుండుద్ది" అన్నాడు. నేను ఆయన మీదికి లేచినాను. నన్ను పెంచిన మనిషి, వయసులో పెద్దవాడు, అదంతా ఆ నిమిషం నాకు గుర్తు లేదు. ఏమన్నానో ఇక్కడ రాయను. అన్నందుకు ఇప్పటికీ చింత లేదు.

కాలు తీసేసినారు. మామ మంచి కొయ్యకాలు చేయించినాడు, దాంతో గచ్చు మీద నడవొచ్చు గానీ ఇసకలో కూరుకపోతుంది. అత్తకు కావాల్సింది ఇసక మీద నడక. ఒకసారి ఒడ్డు దాకా పోయి ప్రయత్నించింది, పడిపోయింది, ఇద్దరు ఆడవాళ్ళు లేపి తీసుకొచ్చినారు. మళ్ళీ పోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మిషన్ తన దిండు కిందికి తీసుకుంది. పొద్దున్నే పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టించుకొని, సబ్బుతో చేతులు కడిగి, తుడిచి, తన వేలు తనే గుచ్చుకునేది. డాక్టరుకు తనే ఫోన్ చేసేది, అదీ తలుపు దగ్గరికి వేయించుకొని. మామ గుమ్మంలోకి వచ్చి, "ఎంత?" అనేవాడు. ఆమె మిషన్ మీద అరచెయ్యి మూసేది. రోజూ అడిగేవాడు, రోజూ మూసేది. అరవడం కూడా చేసినాడు మొదట్లో. తర్వాత తర్వాత గొంతు తగ్గింది. ఒకరోజు నేను అక్కడే ఉండగా, "తరుగు తీయనులే, ఉన్నది చెప్పు" అన్నాడు. ఒడ్డున ఆయన అట్టా ఎవరితో మాట్లాడి ఉండడు. అత్త ఆయన వైపు తిరిగి, "చెప్పాల్సినప్పుడు రోజూ చెప్పినా. నువ్వు కొట్టేసినావు" అన్నది. అంతకు మించి ఆ విషయం మీద వాళ్ళిద్దరి మధ్యా మాట జరగలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, ఆరోగ్యం తప్ప అన్నీ మాట్లాడుకుంటా ఏళ్ళు గడిపినారు. ఆయన ఆమె మొహం చూసి నంబరు పట్టుకోవాలని చూసేవాడు. ఆమె మొహంలో ఏమీ దొరికేది కాదు.

రెండేళ్ళ కింద మామ గుండె ఆగి పోయినాడు. రేవు రేవంతా వచ్చింది. అంత న్యాయమైన కాటా మళ్ళీ ఒడ్డుకు రాదని, ఆ చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. నేను వచ్చినవాళ్ళకు కాఫీలు అందిస్తా, పళ్ళు బిగబట్టుకొని విన్నాను. అత్త కూడా విన్నది, తల ఊపింది. చేపల సంగతి వరకు అది నిజమే గదా. పెద్దకర్మ అయిన మరుసటి పొద్దున నేను వంటింట్లో పాలు కాస్తుంటే, గదిలోంచి ఆమె గొంతు స్పష్టంగా వినపడింది. "నూట ముప్పై ఆరు." తొంగి చూస్తే మంచం మీద కూర్చొని ఉంది, వేలికి దూది అదుముకొని, మొహం గుమ్మం వైపు పెట్టి. గుమ్మంలో ఎవరూ లేరు. "ఎవరితో అత్తా?" అన్నాను. "ఎవరితో కాదు మే. ఊరికే, నంబరు చెప్పినా" అన్నది. పాలు పొంగుతుంటే నేను లోపలికి పోయినాను.

అత్త కాలికి పుండున్న ఆ నెలలను నేను ఇప్పటికీ తవ్వుకుంటా ఉంటాను. ఎక్కడన్నా ఒక రోజు వేరుగా నడిచి ఉంటే ఏమయ్యేదోనని. దొరకదు. ఇంకో వారం చూద్దాం, ఇంకో కట్టు మారుద్దాం అని మానుతుందనే ధీమాతో మేమందరం నిమ్మళంగా గడిపిన నెలలూ, అది లోపల్లోపల ఎముక దాకా పోయిన నెలలూ వేరువేరు కాదు, అవే నెలలు.